లారీలో మంగళం

“గురువుగారూ, ఇన్ని మిషన్లున్నాయి కదా, వీటిలో దేన్ని నమ్ముకోవాలండీ?”

తవిటినాయుడు ఈ ప్రశ్న అడిగింది మాఘ శుద్ధ పంచమి నాడు, పొద్దున్న ఎనిమిదింటికి, చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా. శిష్యుడు గురువును అడిగే పద్ధతిలో అడగలేదు. కరెంటాఫీసు కౌంటరు దగ్గర జనం అడిగే పద్ధతిలో అడిగాడు. ఇంట్లో ఇన్ని మిషన్లున్నా దేన్ని పట్టుకోవాలో రెండు రోజులుగా అతనికి తేలడం లేదు మరి.

సన్యాసిదాసుగారు అతన్ని ఎగాదిగా చూశారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి. కాళ్ళకు గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి, అరవయ్యేళ్ళు హరికథలు చెప్పారు. సాలూరు చుట్టుపక్కల ఆయన కథ వినని ఊరు లేదు. మూడేళ్ళ కిందట గొంతుకు ఆపరేషనయింది. దాంతో పాట పోయింది. మాట గుసగుసగా వస్తుంది, అదీ రెండు వాక్యాలకే ఆయాసం. అందుకని ఎవరేమడిగినా ముందు ఎదుటివాణ్ణి తీరిగ్గా చూస్తారు. ఆ చూపుకే సగం మంది తడబడి, “మళ్ళీ వస్తానండి” అని లేచి వెళ్ళిపోతారు. నాయుడు వెళ్ళలేదు. వెళ్ళే పరిస్థితిలో లేడు.

ఈ నాయుడి సంగతి కొంచెం చెప్పాలి. లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తా. యాభై ఏడేళ్ళు వచ్చాయి. మంచివాడే గాని కొత్త మిషను కనబడితే ఒళ్ళు తెలియదు. సాలూరు లారీలు రాయపూర్ దాకా, నాగపూర్ దాకా పోతాయి. డ్రైవర్ల చేత ఊళ్ళోవాళ్ళు దుప్పట్లూ గిన్నెలూ తెప్పించుకునే రోజుల్లో ఇతను టేప్ రికార్డరు తెప్పించుకున్నాడు. తర్వాత సీడీలు వేసేది వచ్చింది. ఆ తర్వాత పాటతో పాటు రంగు లైట్లు తిరిగే స్పీకర్లు. ఆ తర్వాత ఇంకేదో మైకు, పాటలో గొంతు తీసేసి మన గొంతు పెట్టుకోవచ్చట. ఇప్పుడు డ్రైవర్లతో కూడా పని లేదు, ఫోన్లో వేలు పెడితే మూడో రోజుకి అట్టపెట్టె గుమ్మంలో ఉంటుంది. మొన్న వచ్చిన పెట్టెలో నోటితో చెబితే లైటు వేసే డబ్బా ఉంది. దానికి నాయుడి తెలుగు అర్థం కాదు. “లైటెయ్యి” అంటే రాజమండ్రిలో ఎండ ఎంత ఉందో చెబుతుంది. భార్య ఈశ్వరమ్మ సాయంత్రం పూట వీధి గుమ్మంలో కూర్చుని, వీధి లైటు వెలుతురులో కూరలు తరుక్కుంటోంది. “పాత సామాన్లవాడు కూడా మన గుమ్మం ముందుకొచ్చేసరికి నడక జోరు చేస్తున్నాడు” అంటుంది ఆవిడ.

ఇదంతా వాళ్ళింటి గొడవ, మనకెందుకు అని ఊరుకోవచ్చు. మంగళం సంగతి అలా ఊరుకునేది కాదు.

సన్యాసిదాసుగారి గురువును ఊళ్ళో అందరూ పెద్దదాసుగారనేవారు. ఆయన కథ చివర పాడటానికి సొంతంగా ఒక మంగళం కట్టుకున్నారు. కథంతా హార్మోనియం, మద్దెల మోగినా, ఆ మంగళం దగ్గరికి వచ్చేసరికి అవి ఆగిపోవాలి. ఒట్టి చిడతల మీద పాడాలి. గురువు దాన్ని ఒక్క శిష్యుడికే చెప్పాలి. మాటలు పుస్తకంలో ఉన్నాయి గాని, వరస మాత్రం గొంతులో తప్ప ఇంకెక్కడా లేదు. పెద్దదాసుగారు సన్యాసిదాసుగారికి చెప్పారు. సన్యాసిదాసుగారు, ముప్పై ఏడేళ్ళ కిందట, ఈ తవిటినాయుడికి చెప్పారు.

రాబోయే భీష్మ ఏకాదశికి పెద్దదాసుగారి నూట పదహారో జయంతి. కల్యాణమండపం మాట్లాడారు, కరపత్రాలు పంచారు. కరపత్రం అడుగున “మంగళం: శ్రీ మజ్జి తవిటినాయుడు” అని ఉంది. పట్టుబట్టి వేయించుకున్నది నాయుడే. గురువుగారి గొంతు నా దగ్గర భద్రంగా ఉంది, దిగులు పడకండి అని ముప్పై ఏడేళ్ళుగా కనబడ్డవాడికల్లా చెబుతూ వచ్చాడు. తీరా జయంతి కమిటీవాళ్ళు ఒకసారి పాడి వినిపించమంటే నోరు తెరిచాడు. పల్లవి వచ్చింది. రెండో పాదం దగ్గర పాట వెళ్ళి ఏదో సినిమా పాటలో కలిసింది. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అందులోనే కలిసింది. జలుబు చేసిందండీ అని చెప్పి ఇంటికొచ్చి బీరువా తెరిచాడు. ఆ బీరువా ముందు రెండు రోజులు కూర్చున్న తర్వాత అడిగిన ప్రశ్న ఇది.

గురువుగారు చూసి చూసి, చివరికి గాలి తీసుకుని అన్నారు: “మంగళం పట్టుకురా. ఏది పలికితే దాన్నే నమ్ము.”

నాయుడికి ప్రాణం లేచొచ్చింది. ఇదేం పెద్ద పని అనుకున్నాడు. మంగళం ఒక చోట కాదు, నాలుగు చోట్ల దాచాడు. నేర్చుకున్న రోజుల్లో క్యాసెట్టులోకి ఎక్కించినది చాలదని సీడీ చేయించాడు, సీడీ నుంచి పెన్‌డ్రైవులోకి ఎక్కించాడు, అక్కణ్ణుంచి ఫోన్లోకి మార్పించాడు. ప్రతిసారీ షాపువాడికిచ్చి, సాయంత్రం వెళ్ళి తెచ్చుకుని, పైన పేరు రాసి బీరువాలో పెట్టేవాడు. వేసి వినడానికి తీరిక ఉండేది కాదు, అప్పటికి ఇంకో కొత్త మిషను వచ్చి ఉండేది.

రాయపూర్ టేప్ రికార్డరు బయటికి తీసి బటన్ నొక్కితే కిక్కురుమనలేదు. విప్పి చూస్తే లోపలి రబ్బరు బెల్టు కరిగి నల్లటి జిగురై చేతికంటుకుంది. ఇలాంటివి బాగుచేసే మెకానిక్ ఒకడుండేవాడు. అతనిప్పుడు మోటారు సైకిళ్ళకు స్టిక్కర్లు అంటిస్తున్నాడు. “బెల్టా? అది దొరికితే నాకూ ఒకటి తెండి, చూసి చాన్నాళ్ళయింది” అని నవ్వాడు. నాయుడికి ఒళ్ళు మండింది. సీడీ తీశాడు. దాని నిండా బూజు చుక్కలు. ప్లేయరు దాన్ని మింగి, కాసేపు గిరగిరా తిప్పి, డిస్కు లేదని రాసింది. డిస్కు కడుపులో పెట్టుకుని డిస్కు లేదంటుందేమిటి, దీనికి సిగ్గు లేదా అని నాయుడు దాని నెత్తి మీద రెండు మొట్టాడు. బయటికి తీసి, పంచె కొసతో తుడిచి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ లేదంది.

షష్ఠి నాడు వెళ్ళి గురువుగారికి ఇదంతా మొరపెట్టుకున్నాడు. గురువుగారు విన్నారు.

పెన్‌డ్రైవులో నాలుగు వేల పాటలున్నాయి. ‘న్యూ ఫోల్డర్’ అని ఒకటి, తెరిస్తే లోపల ఇంకో ‘న్యూ ఫోల్డర్’, దాని లోపల మరొకటి. అలా అడుగు దాకా వెళ్తే ‘మంగళం’ అని పేరున్నది ఒకటి దొరికింది. నాయుడు లేచి నిలబడి, చేతులు జోడించి నొక్కాడు. కూతురి ఓణీల ఫంక్షన్లో పిల్లలు డాన్సు చేసిన పాట మోత మోగింది. ఇంక మిగిలింది ఫోను. పాత ఫోను చెడిపోయినప్పుడు అల్లుడు అందులోవన్నీ క్లౌడ్‌లో వేశానని, ఇంక వందేళ్ళకి ఢోకా లేదని చెప్పి వెళ్ళాడు. అది తెరవడానికి ఓటీపీ కావాలి. ఓటీపీ పాత నంబరుకు వెళ్తుంది. ఆ నంబరు ఇప్పుడు ఆదోనిలో ఎవరో పత్తి వ్యాపారిది. నాయుడు ఆయనకి ఫోన్ చేసి, “అయ్యా, మీకొక నంబరు వచ్చుంటుంది, కొంచెం చెప్తారా” అన్నాడు. ఆ పెద్దమనిషి ఇలాంటి దొంగల గురించి పేపర్లో చదివి ఉన్నాడు. నాయుడు తన జన్మలో వినని తిట్లు ఆ పూట విన్నాడు.

ఆ సాయంత్రం గుమ్మంలో కూలబడి భార్యనడిగాడు. “పెళ్ళయిన కొత్తలో నేను మంగళం పాడేవాణ్ణి కదా, నీకేమైనా గుర్తుందా?”

“మీరెక్కడ పాడారు?” అంది ఈశ్వరమ్మ, వంకాయ తరుగుతూ. “నేనొచ్చేనాటికి టేపు రికార్డరు పాడేది.”

నాయుడికి కోపం వచ్చింది గాని, ఎవరి మీద చూపించాలో తోచలేదు. ఆ తర్వాత భయం పట్టుకుంది. మండపంలో అందరి ముందూ నోరు తెరిచి నిలబడటం ఒక ఎత్తు. గురువుగారు ముందు వరసలో కూర్చుని ఉంటారు. ఆ మంగళం ఇంక ప్రపంచంలో ఎవరికీ రాదని, తన వల్లే రాదని ఆయన కళ్ళారా చూస్తారు. అది తలుచుకుంటే అన్నం సహించలేదు.

అష్టమి నాడు ఆఫీసులో గొర్లె సింహాచలం కలిశాడు. ముప్పై ఏళ్ళుగా లారీ తోలుతున్న డ్రైవరు. అతని పాత లారీ ఇప్పుడు దూరాలు పోలేక ఊళ్ళోనే ఇటుకలు తోలుతోంది. నాయుడి ఏడుపంతా విని, “నా బండిలో క్యాసెట్టు పలుకుతాది బాబూ” అన్నాడు. నాయుడు నమ్మలేదు. ఎక్కడెక్కడి మిషన్లూ చచ్చిపోతే నీది ఎలా పలుకుతోందని నిలదీశాడు. “రోజూ పొద్దున్నే దేవుడి పాట ఏస్తాను బాబూ. ఏస్తాను కాబట్టి పలుకుతాది” అన్నాడు సింహాచలం, అదేం ప్రశ్న అన్నట్టు.

గంట తిరక్కుండా ఆ లారీ సన్యాసిదాసుగారి వీధిలోకి వచ్చి, వీధంతా ఆక్రమించి నిలబడింది. వెనక స్కూటర్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు. నాయుడు గురువుగారిని కుర్చీ మీదికి ఎక్కించి, కుర్చీ మీద నుంచి క్యాబిన్లోకి ఎక్కించాడు. పెద్దాయన క్లీనరు సీట్లో సర్దుకుని కూర్చుని, అద్దానికి వేలాడే నిమ్మకాయలూ మిరపకాయలూ, అమ్మవారి పటం, డీజిలు వాసన, అన్నీ ఒకసారి పరికించారు. నాయుడు మధ్యలో కూర్చున్నాడు. సింహాచలం నాయుడిచ్చిన క్యాసెట్టును తువ్వాలు కొసతో తుడిచి లోపలికి తోశాడు.

ముందు కాసేపు ఇసక రాలుతున్న చప్పుడు. తర్వాత చిడతలు. తర్వాత గొంతు.

నాయుడు వెంటనే ఫోన్ తీశాడు. రికార్డు బటన్ నొక్కి స్పీకరుకు ఆనించి పట్టుకున్నాడు. ఎర్రచుక్క వెలుగుతోందా, సెకన్లు కదులుతున్నాయా, చార్జింగ్ సరిపోతుందా, ఇదే చూస్తున్నాడు. ఈసారి పోనిచ్చేది లేదు. పల్లవి ఎప్పుడైపోయిందో అతనికి తెలియనే తెలియదు. అప్పుడు గురువుగారి చెయ్యి ఫోను మీద పడింది. మెల్లిగా దాన్ని కిందికి నొక్కి, నాయుడి ఒళ్ళో బోర్లా పెట్టింది.

“విను” అన్నారు.

విన్నాడు. రెండో పాదం అతను తప్పిపోయే చోటికి వచ్చింది. అక్కడ పాట పైకి వెళ్ళకుండా, కింది స్వరం మీద ఒక్క క్షణం నిలిచి, అప్పుడు లేచింది. చరణం వెనక చరణం, ఎక్కడా తొట్రుపాటు లేదు, తాళం చెదరలేదు. నిండు గొంతు, చనువుగా, ధీమాగా పాడుతోంది. నాయుడికి కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

“ఏం గొంతండీ గురువుగారూ మీది” అన్నాడు.

గురువుగారు అద్దంలోంచి వీధి వైపు చూస్తున్నారు. సింహాచలం స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చెవి ఒగ్గి ఉన్నాడు. “ఇది దాసుగారి గొంతు కాదు బాబూ” అన్నాడు. “దాసుగారి కథలు నాను సిన్నప్పట్నుంచి ఇన్నాను. ఇదెవలో వయసు కుర్రోడు.”

నాయుడు ఏదో అనబోయాడు. ఇంతలో మంగళం పూర్తయింది. చిడతలు ఆగాయి. క్యాసెట్టులో ఎవరో హాయిగా నవ్వి, రొప్పుతూ అన్నారు: “అయిపోయింది గురువుగారూ. మిషన్లోకి ఎక్కిపోయింది. ఇంక మర్చిపోయినా పరవాలేదు.” బటన్ నొక్కిన చప్పుడయింది. తర్వాత మళ్ళీ ఇసక.

నాయుడికి అప్పుడు గుర్తొచ్చింది. మంగళం టేపు చేసిన రోజు గురువుగారు మిషను ముందు పాడనన్నారు. నీకొచ్చింది కదా, నువ్వే పాడు అన్నారు. ఇతను నిలబడి, పుస్తకం చూడకుండా, ఒక్క ఊపులో పాడేశాడు. ఆ తర్వాత గురువుగారి గొంతు నా దగ్గరుంది అని ఊరంతా చెప్పి చెప్పి, చివరికి తనే నమ్మేశాడు. ఒళ్ళో ఉన్న ఫోను ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. దాన్ని ఆపి జేబులో పెట్టుకోవడానికి అతనికి సిగ్గేసింది. వెనక స్కూటర్లవాళ్ళు హారన్లు ఆపలేదు, సింహాచలం తల బయటపెట్టి ఉండండహె అని కసిరాడు.

“గురువుగారూ, ఏకాదశికి మూడు రోజులే ఉంది” అన్నాడు నాయుడు. “ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?”

సన్యాసిదాసుగారు అతని వైపు తిరిగారు. ఒక్కొక్క మాటకీ గాలి కూడదీసుకుంటూ అన్నారు:

“ఆ కుర్రాడు బాగా పాడేవాడు. ఆ మర్నాటి నుంచి పాఠానికి రాలేదు. ఎక్కడున్నాడో వెతికి, ఏకాదశికి పిలుచుకురా.”