గోడకు గుద్దుకున్న బుల్లి కారు

మస్తాన్ వలీ మాస్టారి కొట్టు మెట్లెక్కేసరికే కమలిని ముఖం కందగడ్డలా ఉంది. నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేసిన చెయ్యి ఆయనది. కమలినికి టంకం పెట్టడం నేర్పింది కూడా ఆ చెయ్యే.

"కూర్చో తల్లీ. టీ తాగావా?"

"టీ కాదు మాస్టారూ, వాణ్ణి పీకి పారేస్తేగానీ నాకు అన్నం సహించదు!"

సంగతేమంటే, కమలిని మరో ముగ్గురు స్నేహితులతో కలిసి సెలవు రోజుల్లో ఒక సాఫ్ట్‌వేర్ లైబ్రరీ రాసింది. మైక్రోకంట్రోలర్ బోర్డుతో తిరిగే మోటారు ఏదైనా సరే, వైరు లేకుండా దూరం నుంచి నడిపే ప్రోగ్రాం అది. ఎవరైనా వాడుకోండి, తప్పుంటే దిద్దండి అని నెట్లో ఉచితంగా పెట్టారు. కైకలూరు నుంచి రొయ్యల చెరువులాయన ఒకరు దానికి చేర్చమని ఆరు లైన్ల కోడ్ రాసి పంపారు.

"కింద ఏం తగిలించాడో వినండి. 'ఇది రాసినవాళ్ళు బండిని వీధి గుమ్మం దాటించినట్టు లేరు' అట! రెండేళ్ళు మాస్టారూ! ఆదివారమనలేదు, పండగనలేదు. మొన్న వచ్చినవాడికి మేం లోకువయ్యామా?"

"ఆ ఆరు లైన్లూ పనిచేస్తాయా?"

"చదివితేగా! ఆ ముక్క దగ్గరే ఒళ్ళు మండింది. మిగతా ముగ్గురూ నా మాట కోసమే కూర్చున్నారు. లైన్లూ వద్దు, మనిషీ వద్దు అని ఇవాళ చెప్పేస్తాను."

మాస్టారు, ఆమె ఎప్పుడూ సంచిలో వేసుకు తిరిగే బుల్లి కారు తీసి, గోడకు ఎదురుగా నేలమీద పెట్టారు. రిమోటు ఆమె చేతికిచ్చారు.

"మీ లైబ్రరీయేగా ఇందులో? బటన్ నొక్కిపట్టి వీధి చివర పాలకేంద్రం దాకా వెళ్ళు. అక్కడ వదిలేసి రా."

'ఇప్పుడీ ఆటలేమిటి' అని గొణుక్కుంటూనే వెళ్ళింది. పాలకేంద్రం దగ్గర బటన్ వదిలేసి తిరిగొచ్చింది.

కారు గోడను కుమ్ముతూనే ఉంది. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. సున్నం పెచ్చులు రాలి పడుతున్నాయి. మాస్టారు పక్కనే కూర్చుని టీ తాగుతున్నారు.

"అయ్యో, ఆపలేదేంటండీ!"

"నువ్వు ఆపలేదా?"

"ఎప్పుడో వదిలేశాను!"

"అంత దూరం నుంచి ఆ కబురు దీనికి అందలేదమ్మా. పాపం, ఆఖరికి విన్న ముక్కనే పట్టుకుని గుద్దుకుంటోంది."

కమలిని కారు ఎత్తి స్విచ్ ఆపింది. మెట్టు మీద కూలబడి, ఫోన్ తెరిచి, ఆ ఆరు లైన్లూ మొదటిసారి చదివింది. రిమోటు నుంచి కబురు అందకపోతే, రెండు లెక్కపెట్టేలోగా మోటారు దానంతటదే ఆగిపోవాలి. ఉన్నది అంతే.

మాస్టారు ఖాళీ గ్లాసు పక్కన పెట్టారు.

"ఆయన రాసిన ముక్క వచ్చి ఎన్నాళ్ళయిందమ్మా?"

'నాలుగు రోజులు' అనబోయి ఆగింది కమలిని. ఆమె అరచేతిలో మోటారు ఇంకా కాలుతూనే ఉంది.