తిప్పక్క తునక

అనగనగా, మీ జేజికి జేజి కూడా పుట్టని కాలంలో, ఎర్రగుట్టల కింద ఒక ఊరు. ఆ ఊరి పేరు నాకు తెలియదు. మా జేజిని అడిగితే, "నీకు కథ కావల్లా, ఊరి పేరు కావల్లా?" అని కసిరింది. నేను మళ్ళీ అడగలేదు. మీరూ అడగకండి.

ఆ ఊళ్ళో తిప్పక్క అని ఒక ఆమె ఉండేది. రాణి కాదు, పెద్దింటి బిడ్డ కాదు, దేవుడు కలలో కనబడిన మనిషీ కాదు. ఇంట్లో వంట చేసేది, అంతే. ఆ ఇంట్లో మొత్తం తొమ్మండుగురు. అత్త, మామ, మొగుడు, మరిది, నలుగురు పిల్లలు, తిప్పక్క. అత్తకు పొద్దు వాలితే చూపు ఆనదు. మరిదికి ఎంత పెట్టినా కడుపు నిండదు. ఇంక పిల్లల సంగతి మీకు చెప్పాలా?

ఒక ఏడు వాన రాలేదు. అసలే రాలేదని కాదు. వచ్చింది, దుమ్ము తడిపింది, పోయింది. జొన్నచేను మోకాలెత్తు పెరిగి ఎండిపోయింది. ఇంట్లో మిగిలినవి గాదె అడుగున ఉన్న పాత జొన్నలు, కాసిని ఉలవలు, ఒక కుండెడు కొర్రనూకలు.

మామ సుంకన్న గాదెలోకి దిగి చూసి, పైకొచ్చి చాలాసేపు గడప మీద కూర్చున్నాడు.

"కొత్త పంట దాకా ఈ గింజలు ఏడు మందికైతే వస్తాయి, తొమ్మండుగురికి రావు," అన్నాడు. "పెద్ద పిల్లోల్లు ఇద్దర్నీ ఏటి అవతల జీతానికి పెడదాం. వాళ్ళ కూడు వాళ్ళు తింటారు."

జీతానికి పెట్టడమంటే ఆ కాలంలో పిల్లను ఒకరింట్లో వదిలేసి రావడం. పేడ ఎత్తాలి, గొడ్లు కాయాలి, వాళ్ళు పెట్టినప్పుడు తినాలి. అట్లా పోయిన పిల్లలు తిరిగొచ్చింది తక్కువ. పెద్దది గంగికి పదేళ్ళు, రెండోది లచ్చికి ఎనిమిది. ఇద్దరూ తలుపు వెనక నిలబడి ఆ మాట విన్నారు.

తిప్పక్క ఎప్పుడూ మామకు ఎదురు చెప్పింది లేదు. ఆ రోజు చెప్పింది.

"మామా, ఏడు మంది గింజలే నాకు కొలిచి ఇయ్యి. ఇంటికంతా నేను వండుతా. ఒక్క పొద్దన్నా కూడు చాలలేదని ఎవరన్నా అంటే, ఆ మర్నాడే పిల్లోల్లని పంపు."

"ఏడు మంది గింజలు ఇంతమందికి ఎట్ల వస్తాయమ్మా?"

"అది నేను చూసుకుంటా."

సుంకన్న సరేనన్నాడు. మనవరాళ్ళను పంపాలని ఆయనకు మాత్రం ఉంటుందా ఏం?

ఇక తిప్పక్క ఎట్లా వండిందో వినండి. పొద్దున్నే ఊరబావి దగ్గరికి పోయేది. వాన లేని ఏడు కూడా, కడవల నుంచి నీళ్ళు ఒలికే చోట ఆకు మొలుస్తుంది. గురుగాకు, చెంచలాకు, దొగ్గలాకు. ఎవరూ విత్తరు, ఎవరూ అడ్డం చెప్పరు. ఒడి నిండా కోసుకొచ్చేది. ఉలవలు ఉడకబెట్టి, ఆ నీళ్ళను వంచి చింతపండు వేసి చారు కాచేది. ఉడికిన ఉలవలు ఆకులో వేసి మెత్తగా ఎనిపేది. బీరకాయ ఎప్పుడన్నా దొరికితే కాయ ఒక పూటకు, తొక్కు ఇంకొక పూటకు. గుమ్మడి గింజలు ఎండబెట్టి దంచేది. ఒక్క ఎండుమిరపకాయ నిప్పుల మీద కాల్చి, ఉప్పూ ఎర్రగడ్డా పెట్టి నూరితే ఇల్లంతటికీ ఊరిబిండి, అంటే రోటిపచ్చడి, అయ్యేది.

సంగటికి ముందు కొర్రనూకలు ఎసట్లో పోసేది. అవి బాగా ఉబ్బాక జొన్నపిండి పోసి, కట్టెతో గెలికి, చెయ్యి తడుపుకుని ముద్దలు చేసేది. నూక ఉబ్బితే పిండి పెరిగినట్టు ఉంటుంది. నూనె చుక్క మటుకు కుండ దించే ముందు వేసేది. "ముందే ఏస్తే కుండ తాగుతుంది, చివర్లో ఏస్తే ముక్కు తాగుతుంది," అనేది.

పగలు ఎవరి పనికాడ వాళ్ళు ఇంత అంబలి తాగేవాళ్ళు. దీపానికి చమురు లేదు గనక వెలుతురు ఉండగానే కూటికి కూర్చునేవాళ్ళు. తలా ఒక ముద్ద, దాని పక్కన ఆకు ఎనుపు, మీద చారు. ఒక నెల గడిచింది, ఎవరూ చాలలేదనలేదు. రెండు నెలలు గడిచాయి, ఎవరూ చాలలేదనలేదు. మూడు నెలలు గడిచాయి, మరిది కూడా చాలలేదనలేదు.

దాంతో ఊరికి దురద పుట్టింది. పక్క ఇళ్ళ నుంచి పిల్లలు జీతానికి పోతుంటే, గాదె అడుగంటిన ఇంట్లోంచి రోజూ కమ్మటి వాసన వస్తుంటే ఎవరికి మాత్రం మనసు నిలుస్తుంది? మీరైనా పోయి తొంగిచూసేవాళ్ళే.

మొదట వచ్చింది పెద్దింటి ఓబుళమ్మ. ఆమె ఇంట్లో గింజలకు కొదవ లేదు, అయినా ఎంత వండినా చాలదని గొడవ. వంటింట్లోకి వచ్చి మసిబారిన కుండను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ కుండలోనే ఏదో ఉందే తిప్పక్కా," అంది.

"కుండలో ఏముంటాదక్కా? ఉన్నదే వండినా. కావల్లంటే తీస్కపో."

ఓబుళమ్మ నిజంగానే తీసుకుపోయింది. మూడు రోజులు వండింది. ఒక్క ముద్ద కూడా ఎక్కువ రాలేదు. నాలుగో రోజు కుండను శుభ్రంగా తోమించి పంపించింది. తిప్పక్కకు ఒక పూట కుండ తోమే పని తప్పింది, అంతే జరిగింది.

రెండోసారి వచ్చింది వీధి చివరి చెన్నమ్మ. ఆమె తిప్పక్క వెనకాలే బావి దాకా నక్కి నక్కి వచ్చింది. "ఆకులోనే ఏదో ఉందే తిప్పక్కా," అంది.

"ఆకులో ఏముంటాదక్కా? ఉన్నదే వండినా. దాక్కుంటావెందుకు, రా, ఇద్దరం కోసుకుందాం."

ఏ ఆకు చేదు, ఏది పులుపు, దేనికి ఎంత చింతపండు, అన్నీ చెప్పింది. చెన్నమ్మ అట్లాగే వండింది. జీతానికి పంపాలనుకున్న చిన్నపిల్లను ఇంట్లోనే ఉంచుకుంది. సంతోషంగా వచ్చి ఒక మాట అడిగింది.

"ఆకుతో, నూకతో మా ఇంట్లో తక్కువపడిన ఒక కడుపుకు సరిపోయింది తిప్పక్కా. మీ ఇంట్లో తక్కువైంది ఇద్దరి కూడు కదా. ఇంకొక కడుపుకు ఎట్ల సరిపెట్టినావు?"

తిప్పక్క పొయ్యిలో పుల్లలు సర్దుకుంది.

చెన్నమ్మ ఆ సంగతి పక్కింటి సాలమ్మకు చెప్పింది. చెప్పకూడని మనిషికే చెప్పింది. సాలమ్మకు ఏదన్నా తెలియకపోతే తిన్నది అరగదు. ఇంకొక కడుపుకు ఎట్లా? రోలు కాడ అదే ఆలోచన, బావి కాడ అదే ఆలోచన. చివరికి ఒక మధ్యాహ్నం చేట చంకన పెట్టుకుని తిప్పక్క వంటింటి గడప మీద కూర్చుంది.

"ఏం లేదు, ఊరికే వచ్చినా," అంది. ఊరికే వచ్చిన మనిషి అట్లా రెప్ప వెయ్యకుండా చూస్తుందా?

ఆకు కడగడం చూసింది. నూక పొయ్యడం చూసింది. సంగటి గెలకడం చూసింది. "చేతిలోనే ఏదో ఉందే తిప్పక్కా," అంది.

"చేతిలో ఏముంటాదక్కా? ఉన్నదే వండినా."

తిప్పక్క ముద్దలు చేసింది. సాలమ్మ ఎంచింది. ఎనిమిది. తొమ్మిదోది కుండలో ఉందిలే అనుకుంది. ఎనిమిది మందీ తిన్నారు, చేతులు కడుక్కున్నారు, బయట అరుగు మీదికి పోయారు. అప్పుడు తిప్పక్క ఖాళీ కుండలో నీళ్ళు పోసింది. అడుగున అంటుకున్నది కట్టెతో గీకి, చిటికెడు ఉప్పు వేసి, ఆ నీళ్ళు తాగింది. కుండ కడిగి బోర్లించింది.

"నీ ముద్ద యాడుంది?" అని అడిగింది సాలమ్మ.

"తిన్నాలే అక్కా."

"ఎప్పుడు తిన్నావు? మధ్యాన్నం నుంచి నేను ఈడనే ఉండా."

తిప్పక్క చెయ్యెత్తి కొంగు సర్దుకుంది. సాలమ్మ అప్పుడు చూసింది, ఆమె గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"ఎంత వండినా ఒక్క కడుపుకే సరిపోయిందక్కా," అంది తిప్పక్క. "రెండోదానికి రాలేదు. నీకు దండం పెడతా, మామకు చెప్పొద్దు. తెలిసిందంటే పిల్లోల్లని పంపుతాడు."

నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఎనిమిది మంది ఉన్న ఇల్లు, మూడు నెలలు, ఒక్కరికీ కనబడలేదు. చెడ్డవాళ్ళా అంటే కాదు. వండిన మనిషి అందరూ తిన్నాక తింటుంది, ఎప్పుడో తింటుంది, ఎక్కడో తింటుంది. తిన్నావా అని అడిగే అలవాటు ఆ ఊళ్ళోనే లేదు. ఊరంతా కుండ సంగతి అడిగింది, ఆకు సంగతి అడిగింది. ఆమె కంచం సంగతి ఎవరూ అడగలేదు.

సాలమ్మ ఇంటికి పోయి ఆలోచించింది. చెబితే పిల్లలు పోతారు. చెప్పకపోతే తల్లి పోతుంది. మర్నాడు కూటి వేళకు తన ఇంటి నుంచి ఒక ఖాళీ కంచం తెచ్చి, ఎనిమిది కంచాల వరస చివర పెట్టింది.

"ఏమి సాలమ్మా, ఈ పొద్దు మా ఇంట్లోనా కూడు?" అన్నాడు సుంకన్న.

"ఈ కంచం నాది కాదు మామా. మీరు తొమ్మండుగురు. ముద్దలు ఎన్ని ఉండాయో నువ్వే ఎంచు."

సుంకన్న ఎంచాడు. మళ్ళీ ఎంచాడు. మూడోసారి ఎంచలేక కోడలి వైపు చూశాడు. తిప్పక్క గబగబా ముందుకు వచ్చింది.

"మామా, పిల్లోల్లని పంపొద్దు. ఎవరూ చాలలేదనలేదు కదా."

గంగి లేచి నిలబడింది. "నేను పోతా జేజినాయనా. అమ్మ తినల్ల."

సుంకన్న దాని చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. తిప్పక్క మొగుడు తల ఎత్తలేదు. అప్పుడు చూపు ఆనని అత్త తన ముద్దను తడుముకుని ఒక తునక తుంచింది.

"ఆ కంచం యాడుందో నా చెయ్యి పట్టి చూపించండి," అంది.

లచ్చి చూపించింది. అత్త ఆ తునకను కంచంలో పెట్టింది. తర్వాత ఎంత తిన్నా కడుపు నిండని మరిది తుంచాడు, అందరికంటే పెద్ద తునక. తర్వాత మొగుడు, తర్వాత పిల్లలు ఒకరి వెనక ఒకరు, చివరికి సుంకన్న. ఎనిమిది తునకలు కలిస్తే ఒక ముద్దయింది. గాదెలోంచి ఒక్క గింజ ఎక్కువ తియ్యలేదు. తుంచిన ముద్దలు చూస్తే ఏం తగ్గిందో కనబడను కూడా లేదు. ఇంత చిన్న సంగతి మూడు నెలలు ఎవరికీ తోచలేదు చూడండి.

"నువ్వు తినే దాకా మేము ముట్టం," అంది అత్త.

తిప్పక్క కూర్చుంది. ఒక తునక చారులో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వేడి సంగటి ఇట్లుంటాదా," అంది. పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఆమె చల్లారినదే తిన్నది మరి.

పిల్లలు ఎక్కడికీ పోలేదు. గింజలు కొత్త పంట దాకా వచ్చాయి. మరుసటి ఏడు వాన పడింది, గాదె నిండింది. అయినా ఆ ఇంట్లో తునక తుంచడం మానలేదు. గంగి, లచ్చి పెరిగి, పెళ్ళిళ్ళై, వేరే ఊళ్ళకు పోయారు. అత్తా మామా కాలం చేశారు. తిప్పక్క జుట్టు తెల్లబడింది. ఒక రోజు ఆమె కూడా పోయింది. పెద్ద జబ్బేమీ లేదు, వయసైపోయింది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా. ముసలిదైన సాలమ్మ తన ఇంట్లో సంగటి గెలికి, ఆకు ఎనిపి, గంప నెత్తిన పెట్టుకుని తెచ్చింది. ఏడ్చి ఏడ్చి అలిసిన వాళ్ళను కూర్చోబెట్టి వడ్డించింది. అలవాటైన చేతులు కదా, ఎవరికి వాళ్ళు తునక తుంచి తిప్పక్క కంచంలో పెట్టారు. కంచం నిండింది. తినే మనిషి లేదు.

"కాకులకు పెడదాం," అన్నాడు మరిది.

గంగి కళ్ళు తుడుచుకుని సాలమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, నువ్వు తిన్నావా?"

"నేను తర్వాత తింటాలే బిడ్డా. మీరు కానియ్యండి."

గంగి ఆ కంచం తీసుకెళ్ళి సాలమ్మ ముందు పెట్టింది. "మా అమ్మ కూడా అట్లనే అంటా ఉండె," అంది.

సాలమ్మ తిన్న తర్వాతనే మిగతా వాళ్ళు తిన్నారు.

ఆ పద్ధతి గంగితో ఒక ఊరికి, లచ్చితో ఇంకొక ఊరికి పోయింది. ఆ ఎర్రగుట్టల కింద ఇప్పటికీ కూటికి కూర్చుంటే ముందు వరస చివర ఒక ఖాళీ కంచం పెడతారు. తలా ఒక తునక అందులో వేస్తారు. తిప్పక్క తునక అంటారు దాన్ని. వండిన మనిషి వచ్చి, కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే దాకా ఎవరి చెయ్యీ నోటి దాకా పోదు. కొత్తల్లుడు తెలియక, ముందే కలుపుకున్నాడనుకోండి, పక్కనున్న పెద్దాయన మెల్లగా అతని మణికట్టు పట్టుకుని, "వండినామె రానీ నాయనా," అంటాడు.

కథ అయిపోయింది. వంటింట్లో ఇంకా గిన్నెల చప్పుడు వినబడుతోంది. ఎవరో ఒకరు లేచి పోయి, ఆమె తిన్నదేమో అడిగి రండి.