చెవిన వేసిన చింతగింజ

కదిరిలో ఓబులేసు, గంగాద్రి, మద్దిలేటి అని ముగ్గురన్నదమ్ములు. బుర్రలో ఉన్న తెలివి చెవుల్లోంచి కారిపోతుందేమోనని మండుటెండలో కూడా మఫ్లర్లు చుట్టుకు తిరిగే రకం. చింతపండులోంచి గింజ తీసే యంత్రం చేశారు. ఎలా చేశారని అడక్కండి, వాళ్ళకీ తెలీదు. దానికి స్టార్టప్పని పేరు పెట్టి ముగ్గురూ సీఈవోలయ్యారు! నెలాఖరులోగా పెట్టుబడి రాకపోతే షెడ్డు ఖాళీ చేయాలి, యంత్రం పాత ఇనుము కొట్టుకే.

వాళ్ళ బావ శేషఫణి జాలిపడ్డాడు. "ఒరే, కనబడగానే డబ్బడిగితే ఎవడిస్తాడు? ముందు పరిచయం పెంచుకోవాలి. హిందూపురంలో రుక్మాంగదం గారు కొత్త కంపెనీల్లో డబ్బు పెడతారు. వెళ్ళి మీ సరుకు సంగతి మెల్లిగా ఆయన చెవిన వేయండి."

"ఓస్, అంతేనా బావా!"

వాళ్ళు వెళ్ళేసరికి రుక్మాంగదం పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. ఓబులేసు నమస్కారం పెట్టాడు, గంగాద్రి ఆయన తల కదలకుండా పట్టుకున్నాడు, మద్దిలేటి మెల్లిగా, చాలా మెల్లిగా, చెవిలో చింతగింజ వేశాడు. ఇంకేముంది! కేకలు, ఆటో, ఆస్పత్రి.

"పరిచయం పెరిగినట్టేనా సార్?" అన్నాడు గంగాద్రి.

ఆయన చెప్పు తీశాడు. అంతలో డాక్టరు బయటికి లాగిన గింజ కంటపడింది. ఒక్క పీచు లేదు, నిగనిగలాడుతోంది. చెప్పు మళ్ళీ తొడుక్కున్నాడు.

"యంత్రం బాగానే ఉన్నట్టుందయ్యా. మరి రేపు నేను పక్కన లేకపోతే మీ కాళ్ళ మీద మీరు నిలబడగలరా?"

"రేపెందుకు సార్, ఇప్పుడే!"

అంతే. ముగ్గురూ కుడికాలి మీద ఎడమకాలు పెట్టి, కిందున్న కుడికాలు లాగి ఎడమకాలి మీద పెట్టబోయారు. మందుల బల్లతో సహా బోర్లాపడ్డారు.

అయినా ఆయన చెక్కు రాశాడు! వాళ్ళకి డబ్బిచ్చేవాడు తెలివిలో వాళ్ళకి చుట్టమే అయ్యుండాలి.

"పోటీవాళ్ళకి తెలిస్తే కొంప మునుగుతుంది. ఇది బయటికి రాకూడదు. కడుపులో పెట్టుకోండి" అంటూ చెక్కు చేతికిచ్చాడు.

ఇంకేముంది! మెట్లు దిగకముందే మూడు ముక్కలు చేసి మింగేశారు. సంతకమున్న ముక్క తన పొట్టలో ఉంది కాబట్టి తనే పెద్ద సీఈవోనన్నాడు మద్దిలేటి.

సంగతి విని బావ గోడకేసి తల బాదుకున్నాడు. "ఒరే దున్నపోతుల్లారా! చెక్కుని బ్యాంకులో డబ్బాలో వేయాలిరా!"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా బావా!"

మర్నాడు బ్యాంకులో చెక్కుల డబ్బా మూత ఊడబీకి, ఓబులేసును తలకిందులుగా లోపలికి తోస్తున్నారు తమ్ముళ్ళిద్దరూ.

"పొట్ట లోపలికి పీల్చన్నా! నీ వెనకాల ఇంకా రెండు ముక్కలున్నాయి!"