గట్టుకొంగ పుట్టిన పూట

సింహాద్రమ్మ అని ఒకావిడ ఉండేదమ్మా, అనగనగా వరి పండే ఒక ఊళ్ళో. ముప్పై నాలుగేళ్ళ మనిషి. అన్నం నిలబడే తినేది. కూర్చోవే అంటే, "కూర్చుంటే లేవబుద్ధి కాదు" అనేది.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళంతా జట్టుగా ఊడుపులకి వెళ్ళేవారు. ఊడుపులంటే వరి నాట్లు. ఆ జట్టుకి సింహాద్రమ్మే పెద్ద. పొలం జగ్గునాయుడనే కామందుది. అక్కడ ఒక పద్ధతి ఉండేది. రోజూ పని మొదలుపెట్టే ముందు కామందు గట్టు మీద నిలబడి, ఒక్కొక్క మనిషినీ పిలిచి మొదటి నారు కట్ట చేతికి ఇవ్వాలి. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని నీళ్ళలో దిగాలి.

పద్ధతి బాగానే ఉంది. పిలుపే బాగుండేది కాదు. సింహాద్రమ్మ ఊరుకునే రకం కాదని ఆమెను "కుంపటి" అనేవాడు. గురువులమ్మకి ఒక కన్ను మెల్ల, ఆమెను "మెల్లకన్ను" అనేవాడు. అందరూ పలికేవారు. పలక్కపోతే పని లేదు కదా.

ఒక ఏడాది సింహాద్రమ్మ తన కూతురు అప్పలకొండను వెంట తీసుకొచ్చింది. పదమూడేళ్ళ పిల్ల, వెదురులా పెరిగింది. కామందు కిందికీ పైకీ చూశాడు.

"ఒలే కుంపటీ, ఈ నిట్రాట నీ పిల్లేనేటే?"

నిట్రాటంటే పూరింటి మధ్యలో కప్పుని మోసే కర్ర. అందరూ నవ్వారు. నువ్వు నవ్వకు. ఆ పిల్ల నవ్వలేదు.

అప్పుడు ఏమైందీ? అప్పలకొండ నడుం వంచింది. మొదట పొలంలో వంగి నడిచింది. ఆ తర్వాత వీధిలో వంగి నడిచింది. ఆ తర్వాత ఇంట్లో, ఎవరూ చూడని చోట కూడా, వంగే నడిచింది. ఉట్టి అందుకోమంటే చెయ్యెత్తలేదు, పీట తెచ్చుకుంది.

అది చూశాక సింహాద్రమ్మకి కాలు నిలవలేదు. వాకిట్లోకి వెళ్ళింది, పెరట్లోకి వెళ్ళింది, మళ్ళీ వాకిట్లోకి వచ్చింది. ఇదిలాగే సాగితే పిల్ల జన్మంతా వంగే బతుకుతుంది. ఆమెకి అదొక్కటే భయం.

అప్పుడు జట్టులో అందరి ఇళ్ళకీ వెళ్ళింది. "రేపు పేరెట్టి పిలిస్తేనే నీళ్ళలో దిగుదాం" అంది.

"పేరెడితే కడుపు నిండుద్దేటే?" అంది గురువులమ్మ.

"నిండదప్పా. ఎక్కిరింపుతో ఇన్నాళ్ళూ నిండిందేటి?"

గురువులమ్మ చాటలో బియ్యం చెరుగుతూనే ఉంది. చాట దులిపి, "సర్లే" అంది.

మర్నాడు ఎండ గట్టిగా కాసింది. నారు అప్పటికే ముదిరి చివర్లు పసుపురంగుకి తిరుగుతున్నాయి. పీకిన కట్టలు గట్టు మీద వాడిపోతున్నాయి. జగ్గునాయుడు కంగారుగా వచ్చి కట్ట చేత్తో పట్టుకున్నాడు.

"కుంపటీ" అని పిలిచాడు. ఎవరూ కదల్లేదు.

"మెల్లకన్నూ" అన్నాడు. ఎవరూ కదల్లేదు.

"నిట్రాటా" అన్నాడు. అలవాటుకొద్దీ అప్పలకొండ అడుగు వెయ్యబోయింది. తల్లి చెయ్యి పట్టి ఆపింది.

"ఏటర్రా, చెవులు పన్జెయ్యవేటి?"

"పేరెట్టి పిలవండి బాబూ. దిగిపోతాం" అంది సింహాద్రమ్మ.

ఆయన నోరు తెరిచాడు. ఒక్క పేరూ రాలేదు. తన ఎద్దుల పేర్లు తెలుసు ఆయనకి. కుక్క పేరు తెలుసు. ఏళ్ళ తరబడి తన చేను నాటిన ఆడవాళ్ళ పేర్లు తెలీదు. పాలేరు వైపు చూశాడు. వాడూ నేల చూపులు చూశాడు.

ఆలోచించి ఆలోచించి, "పైడయ్య పెళ్ళామా, రా" అన్నాడు. పైడయ్య అంటే సింహాద్రమ్మ మొగుడు.

"పైడయ్యొచ్చి ఊడుస్తాడేటి బాబూ? ఆడికి కట్ట పట్టుకోడమే రాదు."

ఆయన ఇటు తిరగబోయాడు, అటు తిరగబోయాడు. చెప్పు ఒకటి బురదలో ఇరుక్కుపోయింది. తెల్లపంచె ఎగ్గట్టి, ఒక కాలు పైకెత్తి, మెడ చాచి, నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు.

తల్లి వెనక వంగి నిలబడ్డ అప్పలకొండకి ఏమీ కనబడలేదు. అప్పుడు నడుం నిటారుగా చేసి, అందరి తలల మీదుగా చూసింది.

"గట్టుకొంగ" అంది.

ఒకావిడ నవ్వింది. పక్కావిడ నవ్వింది. ఆ తర్వాత చేనుకి ఈ కొస నుంచి ఆ కొసదాకా నవ్వే. పాలేరు కూడా మొహం తిప్పుకుని నవ్వాడు.

నవ్వితే నారు ఆగుతుందా? ఎండ ఎక్కుతోంది. చివరికి జగ్గునాయుడు గొంతు తగ్గించి, "పేర్లు చెప్పండమ్మా" అన్నాడు. వాళ్ళు చెప్పారు. ఆయన ఒక్కొక్క పేరూ పలికి ఒక్కొక్క కట్టా ఇచ్చాడు. పిల్ల వంతు వచ్చింది. "అప్పలకొండ" అన్నాడు, నోట్లోనే గొణుగుతూ.

"ఇనబళ్ళేదు బాబూ" అంది సింహాద్రమ్మ.

"అప్పలకొండ" అన్నాడు, ఈసారి గట్టిగా. పిల్ల కట్ట అందుకుంది. మెడ వంచలేదు.

ఒక్కపూటలో మారిపోయాడనుకోకు. మర్నాడు సగం పేర్లు మర్చిపోయాడు. గుర్తొచ్చేదాకా ఆడవాళ్ళు గట్టు మీద కూర్చున్నారు. మూడోనాటికి అన్నీ నోటికొచ్చాయి. ఇక వీధిలో కుర్రకుంకలున్నారే, నిట్రాటా అనడం మానలేదు. అప్పలకొండ వంగడం మానేసింది.

ఆ మాట మాత్రం ఊళ్ళో నిలిచిపోయింది. తన పని చేసిపెట్టే ఆడమనిషి పేరేదో తెలియని మగాణ్ణి అక్కడ ఇప్పటికీ గట్టుకొంగ అంటారు. ఇంట్లో పేరెట్టి పిలవని మొగుణ్ణి కూడా అంటారు.

కథేమో కంచి బండెక్కింది,
మనకేమో ఇంటి గుమ్మం దక్కింది.
పేరెట్టి పిలిస్తే ఓ అను,
లేకపోతే నిద్దరొచ్చిందను.

ఏమే, ఇంకా పడుకోలేదా? సింహాద్రమ్మ ఆ తర్వాత ఏం చేసిందా? జగ్గునాయుడు పోయినరోజు ఊరంతా చూడ్డానికి వెళ్ళింది. పిల్ల వంగి నడిచిన రోజులు మర్చిపోలేదు, ఆవిడ వెళ్ళలేదు.