మూడో జత ఆర్మ్స్

మూడో జత ఆర్మ్స్ కూడా పాడైపోయిన రోజున మెకానిక్ గౌరీసు షెడ్డు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇంక నా వల్ల కాదు బావా. అచ్యుతాపురంలో ఓ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ ఉందన్నారు. మాటాడేశాను. సోమవారం చేరిపోతాను. ఈ తాళం గురువుకి ఇచ్చేయి."

పాడైపోయిన ఆర్మ్స్ నా బండివే.

నాది సర్వీసు జీపు. నా పేరు బొంజుబాబు. చింతపల్లి స్టాండు నుంచి పైన వంజరిగొంది దాకా తిప్పుతాను. దాన్ని రోడ్డంటే మిగతా రోడ్లకి కోపం వస్తాది. రాళ్ళు బండి పొట్టకి కొడుతున్నాయని అప్పటికి కిందటేడు వానల ముందు గౌరీసు చేత రెండంగుళాలు లేపించాను. రెండంటే రెండే. ఆర్మ్స్ విప్పి, పొడుగు స్ప్రింగులు వేసి మళ్ళీ బిగించాడు, బండి దర్జాగా నిలబడింది. రెండు నెలలు తిరక్కుండా ముందు చక్రాల దగ్గర టకటక మొదలైంది.

ఆర్మ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. చక్రాన్ని బండి చట్రానికి పట్టి ఉంచే ఇనప చెయ్యి. గోతిలో దిగితే చక్రం కిందకి పోవాలి, రాయెక్కితే పైకి రావాలి, దాంతోపాటు ఆ చెయ్యీ ఆడాలి. చట్రానికి తగిలించిన చోట ఇనుముకీ ఇనుముకీ మధ్య రబ్బరు బుష్ ఉంటుంది. ఆ రబ్బరే చిరిగిపోతోంది. అది చిరిగిందంటే స్టీరింగు మన మాట వినదు.

మొదట ఉన్నవి బండితో వచ్చిన కంపెనీ ఆర్మ్స్. చిరిగాయి. లేపిన బండికి ఇవి చాలవని గౌరీసు విశాఖపట్నం నుంచి బరువైనవి తెప్పించాడు. అవీ చిరిగాయి. ఆ తర్వాత ఫోను చూసి చూసి కళ్ళు పోగొట్టుకుని, పొడుగు సర్దుకోవడానికి వీలుండే రకం, ఎర్ర రంగువి తెప్పించాడు. వాటిని చూడ్డానికి స్టాండులో డ్రైవర్లందరూ పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. ఆ ఎర్రవే ఆ రోజు పొద్దున్న సంతకి దిగుతుంటే ఆరో మలుపులో పోయాయి. బండి లోయ వేపు లాగేసింది. లోపల పద్నాలుగు మంది. స్టీరింగు మీద పడుకుని తిప్పాను. వెనకాల ఎవరూ అరవలేదు, అంత భయపడిపోయారు. అక్కణ్ణుంచి మొదటి గేరులోనే పాక్కుంటూ స్టాండు చేరాను.

గౌరీసుని తిడదామనే వచ్చాను. తీరా చూస్తే, ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, పద్దెనిమిదో ఏట పానా పట్టుకున్నవాడు, ఆ ఎర్ర ఆర్మ్ ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడిపోయాడు.

"రబ్బరే లేని రకం ఉంది బావా. రెండు వేపులా ఇనప గుండ్లే. చిరగడానికి ఏమీ ఉండదు. తెప్పిద్దామనే అనుకున్నాను. అదీ పోతే? ఈసారి పద్నాలుగు మందినీ లోయలో దింపేస్తానా?"

"సాయంత్రానికి ఆ పద్నాలుగు మంది ఇళ్ళకి చేరాలి. ఏదో ఒకటి వెయ్యి," అన్నాను.

"ఏది? అది తెలిస్తే తాళం నీకెందుకిస్తాను?"

"అయితే పద. ఆయన్నే అడుగు. తాళం కూడా నువ్వే ఇయ్యి. షెడ్డు ఆయనది, నాది కాదు."

గురువంటే దాలినాయుడు. డెబ్బై దాటాయి. మోకాళ్ళు అరిగిపోయి అప్పటికి రెండేళ్ళుగా షెడ్డుకి రావడం లేదు. మోకాళ్ళ వల్లే మానేశాడని ఊరంతా అంటుంది. అసలు సంగతి నాకు తెలుసు.

ఆయన పని నెమ్మది. చక్రాలు తగిలించేసి, ఇంక అయిపోయిందనుకునేసరికి జాకీ తీయించేవాడు. "దింపేసి టీ తాగుదాంరా" అనేవాడు. డ్రైవర్నీ, చుట్టుపక్కల కనిపించిన నలుగుర్నీ బండెక్కి కూర్చోమనేవాడు. ముందుకోసారీ వెనక్కోసారీ నెట్టించేవాడు. తీరిగ్గా టీ తాగేవాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ మోకాళ్ళు ఈడ్చుకుంటూ బండి కిందకి దూరేవాడు. ముసలాయనకి ఓపిక లేక మధ్యలో ఆగుతున్నాడని అందరం అనుకున్నాం. ఓ రోజు గౌరీసు అననే అనేశాడు: "మీ టీలకే పూట గడిచిపోతోంది గురువా. నాకొదిలేయండి, నేను చూసుకుంటాను."

ఆయన గ్లాసు కడిగి బోర్లించి ఇంటికెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి రాలేదు.

గౌరీసు చేతిలో పని సగం టైములో తేలిపోయేది. అంతా జాకీ మీదే ముగించి, చేతులు తుడుచుకుంటూ బండి దింపేవాడు. రబ్బర్లు కాస్త తొందరగా పోతున్నాయంటే రోడ్డుని తిట్టుకునేవాళ్ళం. కుర్రాడి చేతి చురుకు చూడండని మెచ్చుకున్నదెవరు? మేమే. అందరికంటే ముందు నేనే.

మేం వెళ్ళేసరికి ఆయన వీధిగుమ్మంలో కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. గౌరీసు గోనెసంచి విప్పి ఆర్మ్స్ వరసగా పరిచాడు. మొదటి రెండు జతలకీ కొత్త రబ్బర్లు వేయించి దాచుకున్నాడు. ఎర్రవి చిరిగినవి చిరిగినట్టే ఉన్నాయి. వాటి పక్కన తాళంచెవి పెట్టాడు.

"నేను పని మానేస్తున్నాను గురువా. ఇదొక్కటే ఆఖరి బండి. దీనికి ఏవి వెయ్యాలో మీరే చెప్పండి. లేదా ఇదిగో, ఇంకో రకం ఉంది." ఫోను తీసి ఆయన మొహం ముందు పెట్టాడు.

"ఫోను లోపల పెట్టు."

పెట్టేశాడు.

ఆయన ఎర్ర ఆర్మ్ తీసుకుని చిరిగిన రబ్బరులోకి వేలు పోనిచ్చి, చిరుగు వెంబడే చుట్టూ తిప్పాడు. పిండేసిన గుడ్డలా మెలితిరిగి ఉంది అది. ఏదైనా చెప్తాడేమోనని గౌరీసు ముందుకి వంగాడు.

"కళ్ళు మూసుకో. మిగతా రెంటిలో ఓ జత తియ్యి."

"గురువా, పద్నాలుగు మంది ప్రాణాలు..."

"తియ్యరా."

గౌరీసు కళ్ళు మూసుకుని తడిమాడు. బండితో వచ్చిన కంపెనీ ఆర్మ్సే చేతికి తగిలాయి. కళ్ళు తెరిచి చూసుకుని నీరసంగా నవ్వాడు. వాడికి ఏడుపే వచ్చింది, బయటికి నవ్వయింది.

దాలినాయుడు తాళంచెవిని తువ్వాలు కొసకి ముడేసుకుని, "ఆటో పిలువు బొంజుబాబూ," అన్నాడు.

షెడ్డు దగ్గర సంత నుంచి తిరిగొచ్చినవాళ్ళు అప్పటికే మూటలేసుకుని కూర్చున్నారు. ఉప్పు, నూనె, ఎండుచేపలు. కొర్రా చిలకమ్మ పిల్లాడికి టీకా వేయించుకుని వచ్చింది, వాడు ఊరుకోకుండా ఏడుస్తున్నాడు. "ఎంతసేపు బాబూ?" అని అడిగింది.

గౌరీసు బండి లేపాడు. నాకు తెలిసి వాడంత నెమ్మదిగా ఎప్పుడూ పనిచెయ్యలేదు. కోపం లేదు, హుషారూ లేదు, చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి. ఆర్మ్స్ ఎక్కించాడు, బోల్టులు దూర్చాడు, నట్లు వేళ్ళతో పట్టించాడు, చక్రాలు తగిలించాడు. ఆర్మ్స్ నట్లు బిగించడానికి పెద్ద పానా అందుకున్నాడు.

"ఆగు. టైర్ల మీద రాసే సుద్దముక్క ఉందా?" అన్నాడు గురువు.

ఇచ్చాడు. ఆయన నా భుజం పట్టుకుని స్టూలు మీంచి నేల మీదకి దిగాడు, దిగడానికే చాలాసేపు పట్టింది. గోనెపట్టా మీద పక్కకి ఒరిగి, మూలుగుతూ బండి కిందకి చెయ్యి చాపాడు. ఆర్మ్ మీద మొదలుపెట్టి, అది తగిలి ఉన్న చట్రం పట్టీ దాకా అడ్డంగా ఒక్క గీత గీశాడు. లేచాక గౌరీసు చేతిలోంచి పానా తీసుకుని తన స్టూలు మీద వేసుకుని దాని మీద కూర్చున్నాడు.

"దింపు."

"నట్లు బిగించలేదు గురువా."

"తెలుసు. దింపు."

దింపాడు. బండి ఉస్సురని నేల మీద కూర్చుంది.

"ఎక్కండమ్మా అందరూ," అన్నాడు గురువు.

"బాగయిపోయిందా?" అంది చిలకమ్మ.

"ఇంకా లేదు. ఎక్కు తల్లీ."

పద్నాలుగు మందీ మూటలతో సహా ఎక్కారు. నన్నూ గౌరీసునీ నెట్టమన్నాడు. ముందుకి నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు. చక్రాల కింద రాళ్ళు పెట్టించాడు. అప్పుడు, "ఇప్పుడు టీ పట్రా," అన్నాడు.

గౌరీసు మొహం మాడ్చుకునే వెళ్ళి తెచ్చాడు. ఆఖరి రోజున కూడా ఇదేనా అన్నట్టు నా వేపు చూశాడు. ముగ్గురం తాగాం. బండిలో పిల్లాడు ఏడిచి ఏడిచి పడుకున్నాడు.

గ్లాసు కింద పెట్టి, "వెళ్ళి నా గీత చూసి రా," అన్నాడు ఆయన.

గౌరీసు కిందకి దూరాడు. నేనూ ఫోను లైటు వేసి వంగి చూశాను. ఒక్క గీత రెండు ముక్కలైంది. పట్టీ మీది ముక్క ఉన్నచోటే ఉంది. ఆర్మ్ మీది ముక్క తిరిగిపోయింది. మధ్యలో బొటనవేలంత ఎడం.

నాకే అర్థమైందంటే ఇంకేం చెప్పాలి! జాకీ మీద చక్రం వేలాడుతుండగానే బిగించేసి ఉంటే, ఆ తేడా అంతా నట్టు పట్టేసిన రబ్బరే మింగాలి. బండి అడుగు కదలక ముందే దాన్ని మెలిపెట్టేస్తున్నాం. ఆ మెలికతోనే కొండెక్కమంటున్నాం. కంపెనీవైనా, బరువైనవైనా, ఎర్రవైనా ఏం చేస్తాయి పాపం.

గౌరీసు బయటికి రాలేదు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి, కదలడం లేదు. పైన మనుషులు గుసగుసలాడుతున్నారు.

కాసేపటికి బండి కింద నుంచి ఓ చెయ్యి బయటికొచ్చింది, గ్రీజుతో నల్లగా.

"పానా," అన్నాడు గౌరీసు.

గురువు పక్కకి జరిగి పానా తీసి ఆ చేతిలో పెట్టాడు. పద్నాలుగు మంది బరువు మీద ఉండగా వాడు ఒక్కొక్క నట్టే బిగించాడు. రెండు వానాకాలాలు దాటాయి, ఆ రబ్బర్లే ఇంకా నా బండి కింద ఉన్నాయి.

గౌరీసు బయటికొచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తుప్పు పడిందన్నాడు, సరేనన్నాను.

"తాళంచెవి ఇలా ఇయ్యండి గురువా. సాయంత్రం షెడ్డు ముయ్యాలి."

దాలినాయుడు తువ్వాలు ముడి విప్పి ఇచ్చాడు. వాడు జేబులో వేసుకున్నాడు. ఖాళీ గ్లాసులు మూడూ ఏరి వెళ్ళబోతూ ఆగిపోయాడు.

"పద్దెనిమిదేళ్ళు మీ పక్కనే ఉన్నాను. ఒక్కసారి చెప్పి ఉంటే సరిపోయేది కదా!"

ముసలాయన మోకాలు రాసుకుంటూ వాడి వేపు చూశాడు. ఆ చూపులో కోపమేమీ లేదు, అలసటే.

"దింపేసి టీ తాగుదామని రోజూ చెప్పాను కదరా."