తిమ్మక్క రివాల్వర్

కంబగిరయ్యగారి దగ్గర కూర్చుని తత్వం వినేవాళ్ళలో చాలామందికి, ఆయన ముప్పయ్యేళ్ళు తుపాకులు బాగుచేసి బతికిన మనిషని తెలియదు. బళ్ళారి బజారులో లైసెన్సు తుపాకులు అమ్మే దుకాణం ఒకదాని వెనక గదిలో ఆయన పనిచేసేవారు. చూపు తగ్గాక ఆ పని మానేసి గుత్తి దగ్గర రేకుల ఇంట్లో స్థిరపడ్డారు. ఎవరు ఏ సందేహం అడిగినా శాస్త్రం ఎత్తరు. తాను ఎరిగిన మనుషుల్లో ఒకరి సంగతి చెప్పి ఊరుకుంటారు. వాదిస్తే నవ్వి మజ్జిగ తాగమంటారు.

ఒక ఆదివారం ఉదయం సుదర్శనం వచ్చాడు. కాలేజీలో లెక్కలు చెప్పే మనిషి, ఎనిమిదేళ్ళుగా అయ్యగారి శిష్యుడు. ఆ ఏడాది అతని ఇంటి మీద దొంగలు పడి, అడ్డం వెళ్ళిన తండ్రి చెయ్యి విరగ్గొట్టి పోయారు. అతనికి తుపాకీ లైసెన్సు చేతికొచ్చి వారమైంది. ఆ రోజు మేం నలుగురమే ఉన్నాం. కాసేపు అటూ ఇటూ చూసి అడిగాడు.

"అయ్యా, కొత్త పిస్టల్ తీసుకోమంటున్నారు అందరూ. తూటాలు ఎక్కువ పడతాయట, వేగమట. నా మనసేమో పాతకాలపు రివాల్వర్ మీద ఉంది. ఇంటి రక్షణకు ఏది మంచిది? అసలు మీ దగ్గర కూర్చునేవాడు ఆయుధం ముట్టవచ్చా?"

మాలో ఒకరికి నవ్వొచ్చింది. అయ్యగారు నవ్వలేదు.

"తిమ్మక్క అని ఒకామె ఉండేది," అన్నారు.

ఆమెది తాడిపత్రి వైపు ఒక చిన్న ఊరు. భర్త పాము కరిచి పోతే, ఆరెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఒంటిచేత్తో కాయించింది. తోటలోనే రాతి ఇల్లు. ఆ తోట వెనక గుట్టను చంద్రాయుడు అనే ఆసామి క్వారీకి పట్టాడు. లారీలు పోవాలంటే తిమ్మక్క ఇంటి మీదుగానే దారి. అమ్మమన్నాడు, అమ్మనంది. ఒక వేసవిలో ఆమె చుట్టాల పెళ్ళికి పోయి వచ్చేసరికి కాపు మీదున్న నూటనలభై చెట్లు నరికేసి నేలమీద పడి ఉన్నాయి. ఆమె ఏడవలేదట. మొదళ్ళు ఒక్కొక్కటే ముట్టి చూసి, మర్నాడు లైసెన్సుకు అర్జీ పెట్టింది. అది రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఈలోగా మళ్ళీ మొక్కలు నాటింది.

దుకాణానికి ఆమె ఒక్కతే వచ్చింది. షావుకారు నాలుగు కొత్త పిస్టళ్ళు తీసి గుడ్డ మీద పరిచాడు. ఆమె ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని ఒకే ప్రశ్న అడిగింది. "ఇప్పుడు దీన్లో తూటా ఉందా లేదా, నాకెట్ల తెలుస్తుంది?" తూటాల అర బయటికి లాగినా లోపల ఒకటి మిగిలి ఉండొచ్చని, పైభాగం వెనక్కి లాగి చూసుకోవాలని షావుకారు చెప్పాడు. ఆమెకు అది నచ్చలేదు. మూల అద్దాల బీరువాలో ఉన్న పాత రివాల్వర్ చూపించమంది. అప్పుడు షావుకారు వెనక గదిలోంచి కంబగిరయ్యగారిని పిలిచాడు.

అయ్యగారు దాని గుండ్రటి దిమ్మను పక్కకు తెరిచి వెలుతురుకు పట్టారు. ఆరు బొక్కల్లోంచి వీధి కనిపించింది. తిమ్మక్క చాలాసేపు అందులోంచి చూసింది. తర్వాత మూసి, గోడవైపు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కింది. మొదటిసారి వేలు ఆగిపోయింది. రెండోసారి పళ్ళు బిగబట్టి లాగింది.

"అది బరువమ్మా, ఆడవాళ్ళకు కష్టం. కొత్తవి ముట్టుకుంటే పేలతాయి," అన్నాడు షావుకారు.

"బరువుండనీ సామీ. మనిషిని చంపే పని సులువుగా ఉంటే ఎట్ల?" అంది తిమ్మక్క. అదే తీసుకుంది.

ఆ తర్వాత రెండేళ్ళు ఆమె రోజూ పొద్దున ఎనిమిదింటికి ఇంటి ముందు కుర్చీ వేసుకుని, దారిన పోయేవాళ్ళందరికీ కనబడేలా ఆ రివాల్వర్ విప్పి, తుడిచి, నూనె రాసి, మళ్ళీ తూటాలు పెట్టుకునేది. దాచిపెట్టమని ఊళ్ళో పెద్దలు చెప్పారు. "దాచుకునేదానికి నేనేం దొంగతనం చేసినానా?" అంది. ఆ రెండేళ్ళు చంద్రాయుడి మనుషులు తోట గట్టు తొక్కలేదు.

అప్పుడు ఎన్నికలొచ్చాయి. లైసెన్సు ఉన్న తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలని నోటీసు వచ్చింది. తిమ్మక్క తీసుకెళ్ళి ఇచ్చి, రసీదు తెచ్చుకుంది. మూడోరోజు ఉదయం పదింటికి జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. ఐదుగురు దిగారు. ముగ్గురి చేతుల్లో వేటకొడవళ్ళు, ఒకడి చేతిలో కట్టె, ముందు నడిచే చంద్రాయుడి మనిషి ఓబన్న చేతిలో స్టాంపు కాగితాలు.

తిమ్మక్క కుర్చీలోనే ఉంది. లేవలేదు.

"అక్కా, నీ తుపాకీ స్టేషన్లో ఉండాది గదా," అన్నాడు ఓబన్న, మర్యాదగానే.

"ఉండాది. రసీదు చూపించాల్నా?"

"ఎందుకులే. సంతకం పెట్టు. పోతాం."

ఆమె ఐదుగురి ముఖాలూ వరసగా చూసింది. "రెండేండ్లుగా పొద్దున్నే ఈడ కూర్చొని నేను చేసింది తుపాకీ తుడవడం కాదు ఓబన్నా. మీ ముఖాలు ఒక్కొక్కటే తలుచుకుంటి. నా చేత్తో చంపగలనా అని. నేను చావగలనా అని. ఆ రెండూ తేల్చుకునేదానికి నాకు రెండేండ్లు పట్టింది. మీరు ఎప్పుడు తేల్చుకున్నారు? పొద్దున జీపు ఎక్కినప్పుడా?"

కొడవలి పట్టుకున్న ఒకడు చూపు పక్కకు తిప్పుకున్నాడు. కట్టె ఉన్నవాడికి మాత్రం రోషమొచ్చింది. ముందుకొచ్చి ఆమె భుజం మీద ఒక దెబ్బ వేశాడు. ఎముక విరిగిన చప్పుడు ఓబన్నకు వినిపించిందట. ఆమె కుర్చీతో సహా పడింది. ఎడమచెయ్యి వేలాడుతుంటే కుడిచేత్తో కుర్చీ నిలబెట్టి, గడపకు అడ్డంగా జరిపి, మళ్ళీ కూర్చుంది. ముఖం తెల్లబడింది గానీ నోటివెంట మూలుగు రాలేదు.

"ఇంగ కొట్టు," అంది. "సచ్చినదాని సంతకం మీ చంద్రాయుడికి ఎందుకు పనికొస్తుందో నాకూ తెలుసుకోవాలనుంది."

కట్టె మళ్ళీ లేచింది. ఓబన్న వాడి మణికట్టు పట్టుకున్నాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. జీపు వెనక్కి తిప్పుకుని పోయారు. ఆ ఎముక సరిగ్గా అతకలేదు. చెయ్యి భుజం దాటి పైకి లేవడం ఆగిపోయింది. క్వారీ దారి గుట్టకు అవతలి వైపు నుంచి పడింది. చీనీ చెట్లు మళ్ళీ కాపుకొచ్చాయి.

ఇదంతా తర్వాత ఓబన్నే దుకాణానికి వచ్చి అయ్యగారికి చెప్పాడట. ఎందుకు చెప్పాడో అతనికీ తెలియదట.

అయ్యగారు ఆపారు. సుదర్శనం, సమాధానం దొరికినవాడిలా తేటపడిన ముఖంతో అన్నాడు.

"అర్థమైందయ్యా. ధైర్యం ఉన్నవాళ్ళకు ఆయుధంతో పని లేదంటారు."

"నేనా మాట అన్లేదు నాయనా," అన్నారు కంబగిరయ్యగారు. "ఓట్ల లెక్కింపు అయిపోయి, ఇస్తామన్న రోజు రాగానే, ఆమె కట్టు కట్టిన చేత్తోనే స్టేషన్‌కు పోయి దాన్ని తెచ్చుకుంది."