గోనెపట్టా, రెండో కంచం

పరాంకుశం మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరు ఏ చిత్రం తెచ్చి బల్ల మీద పెట్టినా, అందులో ఏముందని అడగరు. "ఎటు నుంచి చూశాడు?" అని అడుగుతారు. పెళ్ళి ఫోటో చూపించినా అదే ప్రశ్న. హైదరాబాదు శివార్లలో, ఉపగ్రహాలు పంపే చిత్రాలను చదివి చెప్పే ఆ కార్యాలయంలో, కొత్తగా చేరినవాళ్ళు ఈ మాటకి చాటుగా నవ్వుకుంటారు. పాతవాళ్ళు నవ్వరు. వాళ్ళందరూ ఒక్కసారైనా దెబ్బ తిన్నవాళ్ళే మరి!

ఉద్యోగ విరమణ అయి ఆరేళ్ళయినా మాస్టారు రోజూ వస్తారు. ఇంట్లో ఆయన కోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. ఆయన సొరుగులో రెండు స్టీలు కంచాలుంటాయి. ఒకదాంట్లో తింటారు. రెండోదాన్ని కూడా కడిగి, తుడిచి, మళ్ళీ సొరుగులో పెట్టేస్తారు. అది ఎవరిదని అడిగే చనువు అక్కడ ఎవరికీ లేదు.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఇందుమతికి ఆ చనువు ఈపాటికి రావలసిందే. కానీ ఆ పిల్లకి తన దిగులు తనకే సరిపోతోంది. ఇదే కార్యాలయంలో పనిచేస్తూ, మూడేళ్ళు తనతో ఒకే గదిలో కలిసున్న స్నేహితురాలు షబానా, నాలుగు నెలల కిందట దక్షిణ ధ్రువ ప్రాంతానికి సరుకులు మోసుకెళ్ళే ఓడ ఎక్కింది. ఇక్కడినుంచి వెళ్ళే మంచు పటాలు అందుకుని, కెప్టెనుకి దారి చెప్పడం ఆమె పని. షబానా అంటే ఉత్త వసపిట్ట, పళ్ళు తోముకుంటూ కూడా కబుర్లు చెప్పేది. అలాంటి మనిషి మొదటి నెల పేజీలకు పేజీలు రాసింది, రెండో నెల పది లైన్లు, మూడో నెల రెండు. ఇప్పుడు "పటం అందింది" అని ముక్తసరిగా ఒక్క ముక్క. 'తనకి అక్కర్లేనిది నాకు మాత్రం ఎందుకు?' అనుకుని, ఇందుమతి కూడా మూడు వారాలుగా పటం తప్ప మరో మాట పంపలేదు. గదిలో షబానా మంచం మీద ఉతికిన బట్టలు పోగుపడ్డాయి. ఆదివారం వస్తే పొద్దుటినుంచి సాయంత్రం దాకా నోరు విప్పే పనే ఉండదు. ఒంటరితనం అంటే ఏమిటో ఆ పిల్లకి ఇరవై తొమ్మిదో ఏట తెలిసొచ్చింది.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికల్లా ఓడకి కొత్త పటం వెళ్ళాలి. రాడారు ఉపగ్రహానికి సూర్యుడితో పనిలేదు. తన వెలుగు తనే ఏటవాలుగా కిందికి వేసుకుని, తిరిగొచ్చినంత పట్టుకుంటుంది. అందుకే చిత్రంలో దగ్గరి అంచు తెల్లగా, దూరపు అంచు నల్లగా వస్తుంది. మంచేమీ మారలేదు, చూపు వాలింది, అంతే. ఆ వాలు తెచ్చిన తేడాని సరిచేశాక, తెల్లగా మిగిలింది మందపాటి పాత మంచు, నల్లగా మిగిలింది ఓడ చీల్చుకుపోగల పల్చటి కొత్త మంచు అని చెప్పాలి. నీళ్ళకీ పాత మంచుకీ ఆ తేడాని విడివిడిగా లెక్కకట్టమంటారు మాస్టారు. ఇందుమతి ఆ రోజు అన్నిటినీ ఒకే గాటన కట్టేసింది. మొత్తం చిత్రానికి కలిపి ఒకే లెక్క తీసి, దగ్గరి అంచున తగ్గించి, దూరపు అంచున పెంచింది. చిత్రం అలికిన నేలలా సమంగా తేలింది. దగ్గరి అంచున ఒక నల్లటి బాట కనిపిస్తే, అమ్మయ్య అనుకుని, దాని వెంబడే ఓడకి దారి గీసింది.

మాస్టారు పటం చూసి ఎప్పటిలాగే "ఎటు నుంచి చూశాడు?" అన్నారు.

"ఎటు నుంచి చూస్తే ఏం మాస్టారూ! దూరమయ్యేకొద్దీ ఏదైనా మసకబారాల్సిందే కదా. ఎంత దూరానికి ఎంత మసకో ఒకసారి తేల్చేసుకుంటే పోయె. నీళ్ళకొక లెక్క, మంచుకొక లెక్క అని ఎందుకండీ ఈ చాదస్తం?" అంది ఇందుమతి. అనడం విసురుగానే అంది గానీ, చూపు పటం మీద కాక షబానా చివరి జవాబు మీద ఉంది. మంచు గురించి అడిగేవాళ్ళు అలా చూడరు.

మాస్టారు సొరుగు లాగి రెండో కంచం బయటికి తీశారు. అది ఆ గది దాటగా ఎవరూ చూసి ఎరగరు. ఇందుమతి చేతికి టార్చి ఇచ్చి, కిటికీల్లేని స్టోరు రూములోకి తీసుకెళ్ళారు. పాత యంత్రాలకి చుట్టిన గోనెపట్టా ఒకటి లాగి నేలమీద పరిచి, పక్కనే కంచం పెట్టి, తలుపు వేసేశారు.

"సరిగ్గా పైన నిలబడి, కంటి దగ్గర పెట్టుకుని వెయ్యమ్మా."

కంచం కళ్ళు చెదిరేలా మెరిసింది. పక్కన గోనెపట్టా వెలవెలబోయింది.

"ఇప్పుడు నాలుగడుగులు వెనక్కి వెళ్ళి వెయ్యి."

వేసింది. గోనెపట్టా ఇంచుమించు ఇందాకటిలాగే ఉంది. కంచం మాత్రం నల్లటి మచ్చ అయిపోయింది.

"ఇప్పుడు వెయ్యి నీ లెక్క, రెండిటికీ కలిపి," అన్నారు మాస్టారు.

ఇందుమతి టార్చిని ఒకసారి పట్టా మీదికి, ఒకసారి కంచం మీదికి తిప్పింది.

"ఆర్పెయ్యి," అన్నారు. చీకట్లో రెండూ పోయాయి. మాస్టారు వంగి, తడుముకుంటూ కంచాన్ని వెతికి చేతిలోకి తీసుకున్న చప్పుడు వినిపించింది.

అప్పుడు తన బల్ల దగ్గరికి పరుగెత్తింది ఇందుమతి. ఆ చిత్రంలో ముప్పాతిక భాగం నీళ్ళే. నీళ్ళు వాలు పెరిగేకొద్దీ గబగబా నల్లబడతాయి, పాత మంచు మెల్లగా. నీళ్ళ లెక్క తీసుకెళ్ళి మంచు నెత్తిన రుద్దింది తను! దేని లెక్క దానికి కట్టి మళ్ళీ చూసేసరికి, దగ్గరి అంచున తను గీసిన నల్లటి బాట తెల్లగా పాలిపోయింది. అది పల్చటి మంచు కాదు, పాత మంచు. ఓడ అందులోకి దూరితే మళ్ళీ వేసవి దాకా కదిలేది కాదు. అందులో షబానా. ఇందుమతి వెంటనే మరో దారి గీసి, నాలుగు కావడానికి పది నిమిషాలుందనగా పంపించింది.

కాసేపటికి జవాబొచ్చింది. "పటం అందింది."

అది చూడగానే ఇందుమతికి ఏడుపు ఆగలేదు. "చూడండి మాస్టారూ! ప్రాణం అరచేతిలో పెట్టుకుని పంపితే మళ్ళీ అదే ముక్క. ఇక్కడున్నప్పుడు ఎలా ఉండేదో మీకు తెలుసుగా. ఇప్పుడు అంతా చీకటే. నేనూ మూడు వారాలుగా పటం తప్ప ఒక్క మాట పంపడం లేదు," అంది.

మాస్టారు కండువాతో కంచం తుడుస్తున్నారు. తుడవడం అయిపోయినా ఇంకా తుడుస్తూనే ఉన్నారు. చివరికి దాన్ని సొరుగులో, మొదటి కంచం మీద బోర్లించి, ఆమె చేతికేసి చూశారు. టార్చి ఇంకా ఆ చేతి పక్కనే, బల్ల మీద ఉంది.

"నువ్వు వెలుగు వేసి మూడు వారాలైందన్నావు కదమ్మా," అన్నారు. "ఆ రెండో కంచం మనిషి వైపు నేను వెయ్యక పదకొండేళ్ళు."